అది నీ స్టోరీ నాన్నా

“నాకు చదవడం రానిదాన్ని నా బొమ్మలో ఎలా పెట్టుకోను నాన్నా?” అంది మా అమ్మాయి. విసుక్కుని అంటే నేనూ ఒక మాట అనేసి మర్చిపోయేవాణ్ణి. జిగురు డబ్బా మూత తిప్పుకుంటూ మామూలుగా అంది. అందుకే వారమైనా ఆ మాట చెవిలోంచి పోవడం లేదు.

సంగతేమిటంటే, ఆర్ట్ క్లాసులో సెల్ఫ్ పోర్ట్రెయిట్ చెయ్యమన్నారు. అబ్‌స్ట్రాక్ట్‌గా ఉండాలట. కన్నూ ముక్కూ పోలికలు అక్కర్లేదు. రంగులు, కాగితాలు, గుడ్డ, దారం, ఏవైనా వాడొచ్చు కానీ కనీసం మూడు రకాలు కలపాలి. నువ్వెలా ఉంటావో చూపించొద్దు, నీ కథ చెప్పు అన్నారు. పక్కన అర పేజీ రాసి పెట్టాలి. గడువు రెండు వారాలు.

మొదటి రోజే వచ్చి “నా పాత తెలుగు కాపీ బుక్స్ చింపుకోవచ్చా?” అని అడిగింది. నా ఆనందం ఏమని చెప్పను! ఐదేళ్ల పాటు ఆదివారం పొద్దున్నే కూర్చోబెట్టి, బతిమాలి, బెదిరించి రాయించిన గుణింతాలవి. రెండేళ్ల కిందట “ఇంక నా వల్ల కాదు” అని మానేసింది. తీరా తన కథ చెప్పుకోవాల్సి వచ్చేసరికి తెలుగే గుర్తొచ్చింది చూశారా అని ఆ సాయంత్రమే ఇద్దరు స్నేహితులకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. గొప్పలు పోవడానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు.

గరాజ్‌లో అట్టపెట్టె వెతికి, అక్షరాలు గుండ్రంగా కుదిరిన పేజీలు ఏరి టేబుల్ మీద పెట్టాను. అవన్నీ పక్కకి నెట్టేసి వేరే పేజీలు చింపుకుంది. అన్నీ నేను ఎర్ర పెన్నుతో దిద్దినవే. ఒక పేజీలో ‘ళ’ వరస మొత్తం కొట్టేసి, పక్కన ‘మళ్ళీ రాయి’ అని రాశాను. ళ రాని పిల్లకి ళ ఉన్న మాటతో చీవాట్లన్నమాట. అప్పుడు దానికి ఏడేళ్లు.

“ఈ రాతలన్నీ ఎందుకమ్మా, మంచివి తీసుకో” అన్నాను.

“లెటర్స్ కాదు, నాకు ఆ రెడ్ కావాలి.”

ఎర్ర గీతలున్న చోటల్లా సన్నటి పేలికలుగా కత్తిరించి, బోర్డు మధ్యలో ఖాళీ వదిలేసి, చుట్టూ కంచెలా అతికించడం మొదలుపెట్టింది. ఆ ఖాళీ ఏమిటో నేను అడగలేదు. తనూ చెప్పలేదు.

ఇక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? బీరువాలోంచి మా నాన్న ఉత్తరం తీశాను. నేను దేశం దాటిన మొదటి నెలలో వచ్చింది, ఆయన చేతిరాతలో రెండు పేజీలు. జిరాక్స్ తీసి, ఆ ఖాళీలో ఇది పెట్టమన్నాను. ఇంతకన్నా మంచి కథ ఏముంటుంది, మూడు తరాలు ఒక్క చోట అన్నాను. అప్పుడు అంది, నేను మొదట్లో చెప్పిన మాట. ఆ తర్వాత, నా మొహం చూసి కాస్త మెత్తగా, “అది నీ స్టోరీ నాన్నా” అంది.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఎలాగైనా నా మాటే నెగ్గించుకోవాలని చిత్రకారుల గురించి వెతికాను. స్పెయిన్ చిత్రకారుడు జోన్ మీరో దొరికాడు. 1937-38లో పెన్సిల్‌తో ఎంతో సూక్ష్మంగా తన ముఖం గీసుకున్నాడు. 1960లో దాని నకలు ఒకటి తీసుకుని, దాని మీద లావు నల్ల గీతలతో చిన్నపిల్లలు గీసినట్టు ఇంకో మనిషిని వేశాడు. పాత ముఖం కింద నుంచి అలాగే కనిపిస్తూ ఉంటుంది. దొరికింది పాయింటు అనుకుని పొద్దున్నే ఫోన్‌లో చూపించాను. “చూడు, కింద ఉన్న పాతదాన్ని ఆయన చెరిపెయ్యలేదు.”

“ఆ పాతది కూడా ఆయన ఫేసే కదా. వాళ్ళ నాన్నది కాదుగా” అని బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఇంకొకటి కూడా దొరికింది, అది మాత్రం చూపించలేదు. 1961లో పారిస్‌లో ఐరిస్ క్లెర్ అనే ఆవిడ తన గ్యాలరీలో తన పోర్ట్రెయిట్లతోనే ప్రదర్శన పెడితే, అమెరికా చిత్రకారుడు రాషెన్‌బర్గ్ బొమ్మకి బదులు టెలిగ్రాం పంపాడు, నేను అంటున్నాను కాబట్టి ఇదే ఐరిస్ క్లెర్ పోర్ట్రెయిట్ అని. ఇది మా అమ్మాయి చేతికి దొరికితే ఇంట్లో నా మాట ఇక చెల్లదు.

రెండు రోజులయ్యాక తనే వచ్చి “సరేలే, ఒక మూల పెడతా” అంది. గెలిచానని పొంగిపోయాను. వాళ్ళమ్మ మాత్రం “పాపం, నిన్ను చూసి జాలిపడింది” అంది. నిజమే అయ్యుంటుంది. పిల్లలకి మన భాష నేర్పాలని తెగ తాపత్రయపడతాం. మన బెంగని ఎలా సముదాయించాలో మాత్రం వాళ్ళు ఎవరూ నేర్పకుండానే నేర్చేసుకుంటారు. అది తలుచుకుంటే నాకు గర్వం కాదు, సిగ్గు వేస్తుంది. పైగా ఇంట్లో తెలుగే మాట్లాడాలని రూలు పెట్టింది నేను, కోపం రాగానే ఇంగ్లీషులో తిట్టేదీ నేనే.

కాగితం అతికిస్తే మందంగా ఉంటుంది, రాత మాత్రమే బోర్డు మీదకి దిగాలి అంది. దానికో పద్ధతి ఉంది. బోర్డు మీద యాక్రిలిక్ జెల్ మీడియం, అంటే యాక్రిలిక్ రంగుల్లో కలిపే జిగురులాంటి చిక్కటి పదార్థం పూసి, జిరాక్స్ కాపీని బోర్లించి, పాత కార్డుతో బుడగలు లేకుండా నొక్కాలి. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున తడిచేసి వేలితో మెల్లగా రుద్దితే కాగితం నలకలు నలకలుగా లేచిపోయి సిరా మాత్రం మిగులుతుంది. ఇంక్‌జెట్ ప్రింటయితే నీళ్ళు తగలగానే అలుక్కుపోతుంది, లేజర్‌దో జిరాక్సో అయితేనే నిలుస్తుంది. ఆ పని నాకిమ్మని అడిగి తీసుకున్నాను.

రుద్దుతుంటే తెల్లటి పొర కింద నుంచి నాన్న అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి. అన్నీ ఎడమకి తిరిగి. ముందే అద్దంలోలా తిప్పి ప్రింటు తీసుకోవాలన్న సంగతి నాకు తట్టనేలేదు. నాన్న ‘చిరంజీవి’ అని మొదలుపెట్టే చోట ఏ భాషో తెలియని గీతలు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

కంగారుగా “చెడగొట్టేశానమ్మా, గీకేసి ఇంకోటి చేద్దాం” అన్నాను.

దగ్గరికి వచ్చి తల వంచి చూసింది. “ఉంచెయ్ నాన్నా. నాకు తాతయ్య లెటర్ ఎప్పుడూ ఇలాగే కనిపిస్తుంది.”

పిల్లల చేత ఇలాంటిది చేయించే తల్లిదండ్రులకి నాలుగు సలహాలు చెబుదామని మొదలుపెట్టాను ఇది రాయడం. ఆయిల్ పాస్టెల్ ఆఖరున వెయ్యండి, ముందే వేస్తే దాని మీద యాక్రిలిక్ నిలవదు. జిగురు పల్చగా రాయండి, లేకపోతే కాగితం ఉబ్బుతుంది. మీ చెయ్యి పెట్టకండి. ఈ మూడోది చెప్పే అర్హత నాకుందా అంటే లేదు. అసలు చెయ్యి పెట్టకపోవడం మంచిదేనా అన్నదీ తేలడం లేదు. ఆ ఎర్ర గీతలు నేను దిద్దకపోతే ఆ బొమ్మలో కంచే ఉండేది కాదు. అది మంచిదని అంటున్నానా? తెలియదు. ళ మాత్రం ఇప్పుడు బాగానే రాస్తుంది.

చివరి రాత్రి అందరూ పడుకున్నాక, పై పూత పచ్చిగా ఉండగానే బోర్డు తీసుకెళ్ళి బాత్రూమ్ అద్దం ముందు పట్టుకున్నాను. అక్షరాలు సరిగ్గా తిరిగాయి. ‘డబ్బు గురించి ఆలోచించకు, వేళకి నిద్రపో’ అని ఉంది. అర్ధరాత్రి పన్నెండున్నర అప్పుడు. బోర్డు దించబోతుంటే బొటనవేలు జారి, కింది మూల ముద్ర పడిపోయింది. ఏమీ ఎరగనట్టు తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టేశాను.

పొద్దున తను బొమ్మని చాలాసేపు చూసింది. నన్నేమీ అడగలేదు. బొమ్మ పక్కన పెట్టే అర పేజీ కూడా నాకు చూపించలేదు, స్కూల్లో చూసుకోమంది. నిన్న వెళ్ళి చూశాను. కథ గురించి రాసింది నాలుగే వాక్యాలు, నా ప్రస్తావన లేదు. కింద వాడిన వస్తువుల పట్టీ ఉంది. కాన్వాస్ బోర్డు, జెస్సో, జెల్ మీడియం, కాపీ పుస్తకం, ఆయిల్ పాస్టెల్, తాతయ్య ఉత్తరం. ఆఖరున, నాన్న బొటనవేలు.