కాలవగట్టు మీద ఒక్క తలుపు

కాళ్ళు వేడినీళ్ళ బకెట్‌లో పెట్టుకుని, కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను. నిన్న ఆదివారం మా వాకర్స్ క్లబ్ వాళ్ళు ధవళేశ్వరం నుంచి రావులపాలెం దాకా కాలవగట్టు మీద నడిపించారు. వాళ్ళ లెక్కలో 28 కిలోమీటర్లు, నా ఫోన్ లెక్కలో 41 వేల అడుగులు. నాకు 54 ఏళ్ళు. వెనకాలే వచ్చిన వ్యాన్ ఒక్కసారి కూడా ఎక్కలేదు. రోజూ ట్రాక్ మీద నన్ను దాటుకుంటూ పోయే మగవాళ్ళిద్దరు దారిలో లొల్ల లాకుల (కాలవ నీటి గేట్ల) దగ్గరే ఎక్కేశారు. పేర్లు రాయను, వాళ్ళకి తెలుసు.

పేరు నమోదు తేలిగ్గానే అయింది. ఐదొందలు కట్టి, 'నాకేమైనా అయితే బాధ్యత నాదే' అన్న కాగితం మీద సంతకం పెడితే మోకాళ్ళ దాకా వచ్చే టీషర్ట్ చేతిలో పెట్టారు.

తెల్లవారుజామున ఐదున్నరకల్లా బ్యారేజీ దగ్గర చేరాం. పుష్యమాసపు మంచులో గోదారి కనపడదు, చప్పుడొకటే వినపడుతుంది. ఆ చలిలో నిలబెట్టి మా కార్యదర్శిగారు కాటన్ దొర మీద ఇరవై నిమిషాలు ఉపన్యాసం ఇచ్చారు. దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేశాడట, ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టిందట, గేట్లు 175 అట. అన్ని గేట్లు లెక్క చెప్పిన మనిషి, మాతో వచ్చిన పదకొండు మంది ఆడవాళ్ళకి దారిలో గడియ పెట్టుకునే తలుపు ఒక్కటైనా ఉందో లేదో చూసుకోలేదు. నా గొడవంతా అదే.

బొబ్బర్లంక దాకా హాయిగా నడిచాం, ఇడ్లీలు బాగున్నాయి. అక్కణ్ణించి గట్టు రోడ్డు. ఒక పక్క నిండుగా కాలవ, ఇంకో పక్క ఇళ్ళు, అరటి, కొబ్బరి, వాటి సందుల్లోంచి దాళ్వా (రెండో పంట) వరి నాట్లు. బండి మీద పోయే ప్రతివాడూ ఆగి, "వాడపల్లి వెంకన్న దగ్గరికాండీ? శనివారం నిన్ననే అయిపోయింది కదండీ" అంటాడు. మొక్కు లేదు, ఊరికే నడుస్తున్నాం అంటే జాలిగా చూసి, "ఎక్కండి, దింపేస్తాను" అంటాడు. పేరవరం దాటేసరికి విసుగొచ్చి, మొక్కేనండి అని చెప్పడం మొదలుపెట్టాను.

వాలంటీరు కుర్రాళ్ళు మూడేసి కిలోమీటర్లకి ఒక నీళ్ళ సీసా ఇచ్చి, తాగేదాకా పక్కనే నిలబడ్డారు. తాగాం. మగవాళ్ళకేం, ఓ కొబ్బరిచెట్టు చాటుకి వెళ్ళి, చేతులు దులుపుకుంటూ వచ్చేస్తున్నారు. మాకు గట్టు మీద ఏ చాటూ లేదు. చెట్టు వెనక ఇల్లు, ఇంటి ముందు రేవు, రేవులో బట్టలుతికే వాళ్ళు. ఓర్చుకుని ఓర్చుకుని, చివరికి ఓ కుర్రాణ్ణి పక్కకి పిలిచి మెల్లిగా చెప్పాను. వాడు ఫోన్ తీసి స్పీకర్ పెట్టి, "సార్, లేడీస్‌కి బాత్రూమ్ ప్రాబ్లమంట" అని అరిచాడు. నలభై మందీ వెనక్కి తిరిగారు. స్పీకర్లోంచి కార్యదర్శిగారి గొంతు: "ఓ అరగంట ఓర్చుకోమనవయ్యా, ఆత్రేయపురంలో చూద్దాం." పాతికేళ్ళు స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, తల ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. ఆ తర్వాత చుక్క నీళ్ళు తాగలేదు. పిక్కలు పట్టేశాయి. గంటకి ఐదున్నర కిలోమీటర్లు నడిచేదాన్ని, అడుగు తీసి అడుగు వేయడానికి ఆలోచించాను.

దారిలో ఒక పెట్రోల్ బంకు. తాళం. తాళంచెవి మేనేజర్ దగ్గర, మేనేజర్ భోజనానికి. "అయినా కస్టమర్లకేనండి" అన్నాడు బంకు కుర్రాడు. నడిచొచ్చిన వాళ్ళం, పెట్రోలు ఎక్కడ పోయించుకోమంటావు నాయనా అన్నాను. నవ్వాడే గానీ తాళం తీయలేదు.

ఆత్రేయపురంలో 'చూద్దాం' అన్నవాళ్ళు ఎవరూ కనపడలేదు. ఇక సిగ్గు వదిలేసి, తలుపు తీసి ఉన్న మొదటి ఇంట్లోకి వెళ్ళిపోయాను. వసారాలో ఒకావిడ పూతరేకుల కోసం రేకులు తీస్తోంది. నా మొహం చూడగానే, "పెరట్లో ఉందమ్మగారూ, తొట్టిలో నీళ్ళున్నాయి, వెళ్ళండి" అంది. నేనింకా నోరు తెరవనే లేదు! వెనకాలే మిగతా పదిమందీ వరస కట్టారు. ఆవిడ లేవలేదు, విసుక్కోలేదు.

వాళ్ళ వంతు అయ్యేదాకా ఆవిడ పక్కనే కూర్చున్నాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఇటునుంచి అటు ఒక్క లాగు లాగుతుంది, తెల్లటి పొర లేస్తుంది, వేళ్ళతో తీసి పక్కన పేరుస్తుంది. కాగితానికైనా బరువుంటుందేమో, దానికి లేదు. ఆవిడ వేళ్ళ చివర్లు మాత్రం నున్నగా, గీతల్లేకుండా అరిగిపోయి ఉన్నాయి. 2023లో ఈ ఊరి పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఇవి ఈ ఊరివే అన్న సర్కారీ ముద్ర, వచ్చిందటగా అన్నాను. "వచ్చిందటండి. కుండ మాత్రం అలాగే కాలుతోంది" అంది. డబ్బులివ్వబోతే, "బాత్రూమ్‌కి డబ్బులేంటండీ బాబూ" అని కసిరింది. నెయ్యి, బెల్లం వేసి చుట్టినవి రెండు పెట్టెలు కొన్నాను. మీరూ ఆ ఊరు వెళితే, బోర్డులున్న చోట కాకుండా కుండ కాలుతున్న చోట కొనండి.

తర్వాతి దారి గురించి రాయడానికేం లేదు. లొల్ల లాకుల దగ్గర అందరూ ఫొటోలు దిగారు, నేను బూట్లు విప్పి కూర్చున్నాను. కొత్త బూట్లతో ఇలాంటి వాటికి వెళ్ళకండి. ట్రాక్ ప్యాంటు కన్నా చుడీదారు, పెద్ద చున్నీ నయం, ఎందుకో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. డబ్బు కట్టేముందు టాయిలెట్లు ఎక్కడెక్కడున్నాయో కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వకపోతే టీషర్ట్ వాళ్ళ మొహాన కొట్టి రండి.

రావులపాలెంలో మెడల్ వేసి, అభిప్రాయం రాయమని కాగితం ఇచ్చారు. 'సూచనలు' అన్న చోట రెండే గీతలున్నాయి. నేను వెనక్కి తిప్పి, ఆ పక్కంతా రాశాను. తిరుగు బస్సులో కార్యదర్శిగారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "మేడమ్, పూతరేకులు వాసనొస్తున్నాయి, ఒకటి ఇటివ్వరూ" అన్నారు.

ఓ అరగంట ఓర్చుకోండి సార్, రాజమండ్రిలో చూద్దాం అన్నాను.