ఫ్లోరెన్సులో తీర్చుకొన్న మొక్కు

గుణదల మాత సన్నిధిలో మేము బిడ్డ కోసం మొక్కుకొన్నాం. ఆ బిడ్డ నా కడుపున పుట్టలేదు, దత్తతగా మా ఇంటికి వచ్చింది. ఇటలీలో సిస్టరుగా ఉన్న మా పిన్ని మాట మీద, పాపకు నాలుగేళ్లు నిండాక, పోయిన వారం ఫ్లోరెన్సులో మరియమాత పేరిట ఉన్న సాంతిస్సిమా అనున్జియాతా ఆలయానికి తీసుకువెళ్లి మొక్కు చెల్లించాను.

ఆలయం పక్కనే ఇన్నొచెంతి అనాథ శిశువుల ఆశ్రమం ఉంది. పట్టు వర్తకుల సంఘం ఖర్చు భరించగా 1419లో వాస్తుశిల్పి బ్రూనెల్లెస్కి కట్టడం మొదలుపెట్టిన ఆ భవనంలోకి 1445లో మొదటి పసికందు చేరింది. వసారా కమానుల మధ్య, 1487లో శిల్పి ఆండ్రియా దెల్లా రొబ్బియా చేసిన మట్టి శిశువులు నీలి వలయాలలో చేతులు చాచి నిలబడి ఉంటారు. ఒకరిద్దరి పొత్తిగుడ్డలు జారిపోతున్నాయి. పాప వారిని ఎత్తుకోమని అడిగింది. నాకు కన్నీళ్లు ఆగలేదు.

ముందురోజు పిన్ని మమ్మల్ని స్కాల్జో మండపానికి తీసుకువెళ్లింది. అక్కడ ఆండ్రియా దెల్ సార్తో ఒకే వర్ణపు ఛాయలతో చిత్రించిన కారితాస్, అంటే దైవప్రేమ, పిల్లలు చుట్టుకొన్న తల్లిగా కనిపిస్తుంది. ఆశ్రమంలోని మరొక చిత్రంలో మరియమాత తన పైవస్త్రం కింద అనాథ బిడ్డలందరినీ దాచుకొంటుంది. ఈ పిల్లలు ఎవరి సంతానమని ఆ చిత్రకారులు ఎక్కడా ప్రశ్నించలేదు. ఆ ప్రశ్నను బంధువుల నోట ఎన్నోసార్లు విన్న నేను ఆ చిత్రాల ముందు చాలాసేపు నిలబడిపోయాను.

ఆలయంలో మాత్రం ప్రశాంతత దొరకలేదు. పర్యాటకుల గుంపులు ఫోన్లు ఎత్తిపట్టి పూజామందిరానికి అడ్డంగా నిలబడ్డాయి. ప్రార్థించడానికి వచ్చినవారికి కాస్త చోటు వదలాలన్న ఆలోచన వారికి లేకపోవడం బాధ కలిగించింది. పాప ఏడవసాగింది. అప్పుడు ఒక వృద్ధురాలు లేచి తన చోటు మాకిచ్చి, పాపను బల్లపై నిలబెట్టి, పడకుండా నడుము పట్టుకొంది. వెండి దీపాల నడుమ, దేవదూత పూర్తిచేసిందని భక్తులు చెప్పుకొనే, చిత్రంలోని మరియమాత ముఖం మాకు ఒక్క క్షణం దర్శనమిచ్చింది.

పాప మాకెలా దక్కిందో పిన్ని ఆ వృద్ధురాలికి చెప్పింది. ఆశ్రమంలో పెరిగిన పిల్లలకు ఇన్నొచెంతి అనే ఇంటిపేరు పెట్టేవారట, తన తాతగారి ఇంటిపేరు కూడా అదేనని ఆమె చెప్పి, పాప నుదుట సిలువ గుర్తు వేసింది. మేము ముగ్గురం కలిసి కొవ్వొత్తి వెలిగించాం.