స్టీరింగ్ మీద 13 సెంటీమీటర్లు

బుధవారం. మూఢం నడుస్తోంది. పెళ్ళిళ్ళు లేవు కాబట్టి గుడిమల్కాపూర్ మార్కెట్లో బంతిపూలను అడిగేవాళ్ళు తక్కువ. బండి ఒక్కరోజు ఆగినా ఫరవాలేదని నాయినను ఒప్పించి, ఆఫీసుకు సెలవు పెట్టి, ఇవాళ స్టీరింగ్ పని చేయించాను.

ఆర్నెల్లుగా చూస్తున్నాను. చేవెళ్ళ వైపు నుంచి బండిలో పూల మూటలు వేసుకుని తెల్లవారుజామున వచ్చిన నాయిన, చాయ్ తాగకముందే భుజాలు పట్టమంటాడు. రెండు జిందా తిలిస్మాత్ సీసాలు అయిపోయాయి. వయసు మీద పడింది అనుకున్నాం. పోయిన వారం పక్క సీట్లో కూర్చుని వెళ్తే అసలు సంగతి తెలిసింది. తిన్నని రోడ్డు మీద కూడా ఆయన చేతులు క్షణం ఊరుకోవు. ఇటు కొంచెం, అటు కొంచెం. స్టీరింగ్ తిప్పితే ముందు ఏమీ జరగదు. తర్వాత బండి ఒక్కసారిగా పక్కకు పోతుంది, మళ్ళీ వెనక్కి లాక్కోవాలి. ఆ దారిలో మర్రిచెట్లు రోడ్డును ఆనుకునే ఉంటాయి. ఎదురుగా లారీ వచ్చిన ప్రతిసారీ నాయిన ఎడమ టైర్లను మట్టిలోకి దింపుతుంటే నా చేతులు చల్లబడిపోయాయి.

"పాత బండి, గట్లనే ఉంటది బిడ్డా" అన్నాడు.

గట్ల ఉండకూడదు. ఇంటికొచ్చాక టైర్లు కదలకుండా స్టీరింగ్ ఎంత తిరుగుతోందో టేపు పెట్టి కొలిచాను. 13 సెంటీమీటర్లు! చుట్టుకొలత 126 ఉంది, అంటే 37 డిగ్రీలు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వది తీసి చదివాను. స్టీరింగ్‌లో వదులు 30 డిగ్రీలు దాటకూడదు, స్టీరింగ్ రాడ్లను కలిపే బాల్ జాయింట్లకు రబ్బరు టోపీలు ఉండాలి, బోల్టులూ పిన్నులూ ఊడకుండా లాక్ అయి ఉండాలి. అది చూపించాకే నాయిన సరేనన్నాడు. నిజానికి 30 డిగ్రీలు కూడా నా లెక్కన చాలా ఎక్కువే.

అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే కింద, పిల్లర్ నంబరు చెబితేనే దొరికే షెడ్డు. అక్కడి పెద్ద మెకానిక్‌ను అందరూ చాచా అంటారు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంతకుముందు ఎవరన్నా బాక్స్ స్క్రూ బిగించిన్రా?" అని అడిగాడు. స్టీరింగ్ తిప్పుడును టైర్ల వైపు పంపే పళ్ళ పెట్టె ఆ బాక్స్, దాని వదులు సరిచేసేది ఆ స్క్రూ. బిగించారు. దారిలో ఒక మెకానిక్ రెండుసార్లు బిగించాడు. ఆ రెండుసార్లూ నాలుగు రోజులు బాగున్నట్టు అనిపించి, మూలమలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం మానేసింది. వదులు మాత్రం మళ్ళీ మొదటికే వచ్చింది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. స్టీరింగ్ వదులైందంటే చాలామంది చెయ్యి ముందు ఆ స్క్రూ మీదకే పోతుంది. బాక్స్ లోపలి పళ్ళు తిన్నగా పోయేటప్పుడు వాడే నడిమి భాగంలోనే ఎక్కువ అరుగుతాయి. అతిగా బిగిస్తే అవి పట్టేసి ఇంకా తొందరగా పాడవుతాయి. వదులు ఎక్కడుందో చూడకుండా దాన్ని ముట్టుకోకూడదు. అది అన్నిటికన్నా ఆఖరున చేసే పని.

చాచా నన్నే కేబిన్‌లో కూర్చోబెట్టాడు. జాకీ పెట్టలేదు, బరువంతా టైర్ల మీదే ఉంది. "బేటీ, కొంచెం కొంచెం ఊపుతూ ఉండు" అని తను కిందికి దూరాడు. స్టీరింగ్ రాడ్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో జాయింటు మీద అరచెయ్యి వేసి పట్టుకున్నాడట. ఒక పక్క కదులుతూ రెండో పక్క ఆలస్యమైతే చేతికే తెలిసిపోతుంది. పది నిమిషాలు ఊపేసరికి నా భుజాలు నొప్పెట్టాయి. నాయిన రోజూ రానూపోనూ ఎన్ని గంటలు ఇట్లా ఊపాడో.

మూడు దొరికాయి. బాక్స్ నుంచి టైర్ల వైపు పోయే రాడ్ డ్రాగ్ లింక్. దాని ముందు వైపు బాల్ జాయింట్ రబ్బరు టోపీ చిరిగి, గ్రీజు పోయి, మట్టి చేరి, గుండు గుంటలో గలగలలాడుతోంది. స్టీరింగ్ బాక్స్‌ను ఛాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి పట్టే బోల్టుల్లో ఒకటి వదులైంది. నేను ఊపినప్పుడల్లా బాక్సే కదులుతోంది. అక్కడ తుప్పు పోయి ఇనుము మెరుస్తుంటే చాచా టార్చి వేసి నాయినకు చూపించాడు. తర్వాత జాకీ ఎత్తి టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే అక్కడా కొంచెం ఆట, అంటే వదులు ఉంది. బ్రేకు తొక్కించి మళ్ళీ ఊపాడు, ఆట పోయింది. అంటే టైరు పక్కకు తిరగడానికి ఇరుసుగా ఉండే కింగ్ పిన్ బాగుంది, వీల్ బేరింగ్ బిగిస్తే సరిపోతుంది. కింగ్ పిన్ అయ్యుంటే ఖర్చు ఎక్కడికో పోయేది.

జాయింటు కోసం స్కూటీ మీద రాణిగంజ్ వెళ్ళాను. కొట్టతను రెండు రకాలు ముందు పెట్టాడు. చాచా చెప్పి పంపినట్టే రెండింటినీ చేత్తో తిప్పి చూశాను. చౌకది వేలితో తోస్తేనే ఊగింది. రెండోది గట్టిగా పట్టుకుంటే గానీ కదల్లేదు. అదే తెచ్చాను, నట్టు ఊడకుండా పెట్టే కొత్త స్ప్లిట్ పిన్నులతో సహా.

పాతదాన్ని ఊడదీయడం చూడాల్సిన పని. జాయింటు మరచుట్ల మీద సుత్తి వెయ్యలేదు. జాయింటు దూరి ఉన్న ఆర్మ్ రంధ్రానికి అటొకటి ఇటొకటి రెండు సుత్తులు ఒకేసారి తగిలేట్టు కొడితే మూడో దెబ్బకు టక్కున జారింది. విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించాడు. లేకపోతే బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ వంకరగా నిలబడుతుందట. ఆ బాక్స్ స్క్రూను కొంచెం వదులు చేసి, పక్కనే అలైన్‌మెంట్ చూపించుకున్నాం. మళ్ళీ కొలిచాను. 3 సెంటీమీటర్లు. నాయిన టేపు తీసుకుని తనూ కొలిచాడు.

సాయంత్రం ఖాళీ బండితో మొయినాబాద్ దాకా వెళ్ళొచ్చాం. అప్పా జంక్షన్ దాటాక "గిదేంది, అనుకోకముందే తిరుగుతుంది" అన్నాడు. చేతుల పాత అలవాటుకు బండి అటూ ఇటూ ఊగింది. "వదిలెయ్ నాయినా, అదే పోతది" అన్నాను. వదల్లేకపోయాడు. మర్రిచెట్ల దగ్గర ఎదురుగా ఇసుక లారీ వచ్చింది. ఈసారి ఎడమ టైరు మట్టిలో దిగలేదు.

రాత్రి సీసా పట్టుకెళ్ళి, ఇక అక్కర్లేదేమో అన్నాను. చొక్కా గుండీలు విప్పుతూ, "ఇంకా నాలుగు దినాలు రాయి బిడ్డా, చేతులు ఇంక ఊపుతనే ఉన్నయి" అన్నాడు.