స్టీవ్ అంటే మగాడనుకున్నాం

మన కాలేజీ సంచికకి ఏదో ఒకటి రాసి పంపండి అని మన బ్యాచ్ గ్రూపులో మెసేజ్ వచ్చి నెల దాటిపోయింది, నెలంతా రేపు రాద్దాం ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే గడిపేశాను. క్యాంటీన్ గురించీ, బీచ్ రోడ్డు గురించీ, క్లాసు ఎగ్గొట్టి జగదాంబలో చూసిన మ్యాట్నీల గురించీ మీరెలాగూ రాసేస్తారు, అందుకని నేను మన కాలేజీలో చదవని, మన ఊరు కాని, మన దేశం కూడా కాని ఒకావిడ గురించి రాస్తాను. 1989-92 కంప్యూటర్స్ బ్యాచ్ వాళ్ళకి ఈపాటికి వెలిగిపోయుంటుంది. ఆ, ఆవిడే. స్టీవ్.

ముందు నా పేరు సంగతి చెప్పాలి, లేకపోతే జూనియర్లకి ఇదంతా అర్థం కాదు. మా నాన్నమ్మ మొక్కుకుందని నాకు సింహాచలం అని పెట్టారు. మన ఉత్తరాంధ్రలో ఈ పేరు మగవాళ్ళకీ ఉంటుంది ఆడవాళ్ళకీ ఉంటుంది, అప్పన్న అందరికీ దేవుడే కదేటి అని మా నాన్నమ్మ లాజిక్కు. మొదటిరోజు అటెండెన్సులో లెక్చరర్ గారు బాయ్స్ వైపు చూసి పిలవడం, నేను ఇటు గర్ల్స్ బెంచీలోంచి "ప్రెజెంట్ సార్" అనడం, క్లాసంతా గొల్లుమనడం, ఇవన్నీ మర్చిపోయినట్టు నటించకండి, మీలో ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ నన్ను సింహాచలం బావా అనే పిలుస్తున్నారు. పేరు మార్చేసుకుంటానని ఒకరోజు ల్యాబ్‌లో కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే మ్యాథ్స్ మేడం వినేశారు.

ఆ ల్యాబ్ గుర్తుందా? చెప్పులు బయట విప్పి లోపలికెళ్ళాలి, కిటికీలకి మందపాటి కర్టెన్లు, కాలేజీ మొత్తానికి ఏసీ ఉన్నది ప్రిన్సిపాల్ గారికి కాదు ఆ నాలుగు కంప్యూటర్లకి. మనిషికి వారానికి అరగంట మెషిన్ టైము ఇస్తే గొప్ప. అందుకని ప్రోగ్రామ్ ముందు కోడింగ్ షీట్ మీద పెన్సిల్‌తో రాసి మేడం చేత టిక్కు పెట్టించుకోవాలి, టిక్కు లేకపోతే కీబోర్డు ముట్టుకోనిచ్చేవారు కాదు. కోబాల్ అని మేము నేర్చుకున్న ప్రోగ్రామింగ్ భాష, దాని షీట్, గడికో అక్షరం, ఏడో గడిలో స్టార్ పెడితే ఆ లైను కామెంట్, ఎనిమిదో గడి నుంచి ఏ మార్జిన్, పన్నెండు నుంచి బి మార్జిన్, 72 దాటి ఏం రాసినా మెషిన్ పట్టించుకోదు. పెన్నుతో రాస్తే షీట్ వెనక్కి విసిరేసేవారు. "తప్పు రాయకుండా ప్రోగ్రామ్ రాసినోళ్ళు ఇంకా పుట్టలేదే, పెన్సిల్ తియ్యి" అనేవారు.

సరే, ఆరోజు మేడం నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని చెప్పారు. "ఇంగ్లాండులో ఒకావిడ కంపెనీ పెట్టి సొంత పేరుతో వందల ఉత్తరాలు రాస్తే ఎవ్వడూ జవాబివ్వలేదు. మొగుడు ఐడియా ఇచ్చాడట, స్టీవ్ అని సంతకం పెట్టు అని. పెట్టింది. అప్పట్నుంచి జవాబులే జవాబులు. అంత తంటా పడి ఆవిడ మగపేరు పెట్టుకుంటే, నీకు మీ నాన్నమ్మ ఊరికే ఇచ్చింది, ఏడుస్తావేంటే."

ఆవిడ స్టెఫనీ షర్లీ. 1989లో బ్రిటిష్ కంప్యూటర్ సొసైటీకి ప్రెసిడెంట్ అయ్యారు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి, ఆ సందర్భంగా ఏదో ఇంగ్లీషు మ్యాగజైన్‌లో పడితే మేడం చదివారన్నమాట. ఇక ఆ తర్వాత ఏ క్లాసులో వీలు దొరికినా స్టీవ్ కథే. మొదట్లో మనలో సగం మంది స్టీవ్ అంటే మగాడనే అనుకున్నారు, నేను కూడా రెండోసారి వినేదాకా ఆ స్టీవ్ వేరు ఈవిడ వేరు అనుకున్నాను.

మేడం చెప్పిన కథ ఇది. 1962, చేతిలో ఆరంటే ఆరు పౌండ్లు, ఇంట్లో భోజనాల బల్ల. ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్ అని కంపెనీ పేరు. అప్పటికి కంప్యూటర్ కొంటే సాఫ్ట్‌వేర్ దాంతోపాటు ఊరికే వచ్చేది, కూరల కొట్లో కొత్తిమీర కొసరులాగ, దాన్ని విడిగా డబ్బులిచ్చి కొంటారా అని అందరూ నవ్వారట. ఈవిడ పనిలోకి తీసుకున్నది ఎవర్ని? ప్రోగ్రామింగ్ వచ్చి, పెళ్ళో పిల్లలో అయ్యాక ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళని. వాళ్ళు ఇంట్లోనే కాగితం మీద ఫ్లోచార్టు గీసి, కోడ్ రాసి పోస్టులో పంపేవాళ్ళు, దాన్ని వేరేచోట కార్డుల మీద పంచ్ చేసి మెషిన్‌కి ఎక్కించేవాళ్ళు. మొదటి 300 మంది స్టాఫ్‌లో మగవాళ్ళు ముగ్గురే. ధ్వని కంటే వేగంగా పోయే కాంకార్డ్ విమానం ఉంది కదా, దాని బ్లాక్ బాక్స్ ప్రోగ్రామింగ్ చేసింది ఈ ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళే. చివరికి 1975లో అక్కడ ఆడామగా తేడా చూపించకూడదని చట్టం వచ్చింది, అది ఆడవాళ్ళ మేలు కోసం వచ్చిన చట్టమే, దాని పుణ్యమా అని ఈవిడ కంపెనీలో మగవాళ్ళని కూడా తీసుకోవాల్సి వచ్చింది! ఇది చెప్పినప్పుడల్లా మేడం నవ్వు ఆపుకోలేకపోయేవారు.

ఆ కంపెనీలో చేరాలంటే ఇంటి దగ్గర ఫోన్ అందుబాటులో ఉండాలని అడిగేవారని మేడం చెప్పగానే వెనక బెంచీ నుంచి ఎవరో "మేడం, పీపీ నంబర్ ఇస్తే ఒప్పుకుంటారా" అన్నారు, ఎవరో నాకు తెలుసు కానీ పేరు రాయను, ఇప్పుడు పెద్ద పొజిషన్‌లో ఉన్నాడు. ఈ కాలం పిల్లలకి చెప్పాలి, పీపీ నంబర్ అంటే మనది కాదు, పక్కింటివాళ్ళ ఫోన్. వాళ్ళు గోడ మీంచి కేకేస్తే మనం చెయ్యి కడుక్కుని పరుగెత్తాలి.

డిగ్రీ అయ్యాక నాకు ఒక కంపెనీ నుంచి కాల్ లెటర్ వచ్చింది, ఏ కంపెనీ అన్నది వదిలేయండి, కవరు మీద మిస్టర్ సింహాచలం అని టైపు చేసుంది. నాన్నా నేనూ గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్ళాం. లోపల ముగ్గురు కూర్చున్నారు, నన్ను చూసి ఒకాయన నా వెనక తలుపు వైపు చూశాడు, ఇంకెవరైనా వస్తారేమో అని. కోబాల్ మీద ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. పెళ్ళెప్పుడు చేస్తున్నారు, నైట్ షిఫ్ట్ అంటే ఇంట్లో పంపిస్తారా, ఈ రెండే. తిరుగు ప్రయాణంలో నాన్న తుని దాకా ఏం మాట్లాడలేదు, తుని దాటాక "పోనీలే అమ్మా, బ్యాంక్ టెస్టులు రాయి" అన్నారు.

తర్వాత పెళ్ళి, గాజువాకలో కాపురం, పాప. 1997లో ద్వారకానగర్‌లో ఒక కంప్యూటర్ సెంటర్ ఆయన మందుల షాపులకీ బట్టల షాపులకీ బిల్లింగ్ ప్రోగ్రాములు ఇంటి దగ్గర రాసిస్తారా అని అడిగారు, ఫాక్స్‌ప్రోలో. అప్పుడు గుర్తొచ్చింది స్టీవ్. సెకండ్‌హ్యాండ్ మెషిన్ ఒకటి కొని బీరువాకీ మంచానికీ మధ్య పెట్టుకున్నాం, ఫ్లాపీలు క్యారేజీ సంచిలో వేసుకుని సిటీ బస్సులో తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని, ఆ సంచికి ఎప్పుడూ పప్పు వాసనే. బిల్లు మీద కె. సింహాచలం అని ఉండేది. విజయవాడ పార్టీ ఒకాయన ఫోన్ చేసి నా గొంతు వినగానే "సింహాచలం గారికి ఇవ్వమ్మా" అనేవాడు. మొదటిసారి నేనే అండీ అందామనుకుని, నోటిదాకా వచ్చి, "సార్ మీటింగ్‌లో ఉన్నారండీ, నాకు చెప్పండి, చెప్తాను" అనేశాను. రెండు నెలలు అలాగే నడిపాను! డిస్కౌంట్ అడిగితే సార్‌ని కనుక్కుని చెప్తానని, పది నిమిషాలు ఆగి, సార్ ఒప్పుకోలేదండీ అని. నేను స్వయంగా అడిగుంటే ఆ రేటు ఇచ్చేవాడు కాదని ఇప్పటికీ నా నమ్మకం.

ఇంకోరోజు అదే ఆయనతో మాట్లాడుతుంటే కుక్కర్ కూసింది. ఏంటండీ ఆ కూత అన్నాడు. షిప్పండీ, మా ఆఫీసు హార్బర్ పక్కనే అన్నాను. రెండో షిప్పు వచ్చింది. మీ వైజాగ్‌లో చాలా బిజీ అండీ అన్నాడు పాపం. మూడో షిప్పుకి స్టవ్ కట్టేయాలి కదా, సార్ పిలుస్తున్నారండీ అని ఫోన్ పెట్టేశాను. స్టీవ్ కూడా ఇలాంటి పనే చేసింది, ఇంట్లో పిల్లాడి అల్లరి ఫోన్‌లో వినపడకుండా టైప్ మెషిన్ల చప్పుడు టేపులో రికార్డు చేసి, ఫోన్ మోగగానే ఆ టేపు వేసేదట, అవతలివాళ్ళకి పెద్ద ఆఫీసులాగ వినిపించాలని. ఇది నేను చాలా ఏళ్ళ తర్వాత తెలుసుకుని ఒక్కదాన్నే గట్టిగా నవ్వుకున్నాను.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. మీకు కొత్తగా చెప్పేదేముంది. మా ఇంట్లో కిటికీ ఊడిపోయి అటక మీద ట్రంకు పెట్టెలోకి నీళ్ళు వెళ్ళాయి. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఆ రోజుల్లో మేడ మీద కాగితాలు ఆరబెట్టుకుంటూ కూర్చున్నాను. సర్టిఫికెట్ల జిరాక్సులు ముద్దయిపోయాయి, నాన్న పెన్నుతో రాసిన ఉత్తరాలు నీలంరంగు మరకలయ్యాయి, ఒక్క అక్షరం మిగల్లేదు, దానికి మాత్రం ఏడ్చాను. కానీ కోబాల్ షీట్లు, పెన్సిల్‌తో రాసినవి, ఎండలో పెడితే గడి గడీ కనపడుతున్నాయి. అందులో నా పేరోల్ ప్రోగ్రామ్, 47వ లైను పక్కన మేడం చేతిరాత: "ఫుల్‌స్టాప్ ఏదే?" కోబాల్‌లో ఫుల్‌స్టాప్ మర్చిపోతే ఇఫ్ అని పెట్టిన షరతు ఎక్కడ ఆగాలో మెషిన్‌కి తెలీదు, కింద లైన్లన్నీ మింగేస్తుంది. ఆ ప్రోగ్రామ్‌లో ప్యూన్ జీతం కూడా సున్నా వచ్చింది, గుర్తుందా?

ఆ మరుసటి ఏడాది, 2015లో, మా అమ్మాయి ఫోన్‌లో ఆవిడ ప్రసంగం వీడియో చూపించింది. ఎనభై దాటిన మనిషి, జోకులేస్తోంది! అంబిషన్ ఉన్న ఆడవాళ్ళని నెత్తి చూసి గుర్తుపట్టొచ్చట, చప్పిడిగా ఉంటుందట, శభాష్ అమ్మా అని తట్టీ తట్టీ. మేడం కథలో లేని సంగతులు అప్పుడు తెలిశాయి. అసలు ఆవిడ ఇంగ్లీషు మనిషే కాదు. పుట్టింది 1933లో జర్మనీలో డార్ట్‌మండ్‌లో, యూదుల కుటుంబం, అసలు పేరు వెరా. 1939లో హిట్లర్ బారిన పడకుండా పిల్లల్ని ఇంగ్లాండు పంపించే రైలు వియన్నాలో ఎక్కించారు, ఐదేళ్ళ పిల్ల, పక్కన తొమ్మిదేళ్ళ అక్క, అంతే. అక్కడ ఎవరో ముక్కూమొహం తెలియని దంపతులు పెంచారు. ఆడపిల్లల స్కూల్లో లెక్కలు చెప్పేవాళ్ళు లేక మగపిల్లల స్కూలుకి వెళ్ళి నేర్చుకుంది. తర్వాత పోస్టాఫీసు వాళ్ళ రీసెర్చ్ స్టేషన్‌లో ఉద్యోగం, పగలు పని, రాత్రి క్లాసులకెళ్ళి మ్యాథ్స్ డిగ్రీ.

ఇంకొకటి, కొడుకు. జైల్స్. 1963లో పుట్టాడు, రెండున్నర ఏళ్ళప్పుడు వచ్చిన మాటలు పోయాయి, ఆటిజం. 1998లో ఫిట్స్ వచ్చి పోయాడు, 35 ఏళ్ళు. ఆ టేపు రికార్డర్ సంగతికి నవ్వానన్నాను కదా, ఆ ఇంట్లో ఆ పిల్లాడు ఉన్నాడని తెలిశాక మళ్ళీ అలా నవ్వలేకపోయాను. కంపెనీ వాటాలు స్టాఫ్‌కి పంచింది, అలా 70 మంది మిలియనీర్లయ్యారు. తన వాటాకి వచ్చిన డబ్బులో దాదాపు 7 కోట్ల పౌండ్లు దానం చేసేసింది, ఎక్కువ భాగం ఆటిజం స్కూళ్ళకీ రీసెర్చికీ. ఆ కంపెనీయే తర్వాత జాన్సా అయింది, నోయిడాలోనూ చెన్నైలోనూ ఆఫీసులు కూడా పెట్టింది, 2007లో ఫ్రాన్స్ వాళ్ళ స్టెరియా కొనేసింది. కోవిడ్ టైములో మా అమ్మాయి వర్క్ ఫ్రం హోం అని కొత్తగా కనిపెట్టినట్టు చెప్తుంటే నేను ఏమీ అనలేదు, కుక్కర్ మాత్రం వేరే గదిలో పెట్టాను.

2025 ఆగస్టు 9న ఆవిడ పోయారు, 91 ఏళ్ళు. వార్త చూడగానే మేడంకి ఫోన్ చేశాను. రిటైరై ఎంవీపీ కాలనీలో ఉంటున్నారు, చెవి కొంచెం వినపడదు, స్టీవ్ పోయారు మేడం అంటే "ఏ స్టీవే, ఆ యాపిల్ కంపెనీ కుర్రాడా, ఎప్పుడో పోయాడు కదా" అన్నారు. మన స్టీవ్ మేడం అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నేను ఒక్క ఉత్తరమైనా రాయాల్సిందే ఆవిడకి, అడ్రస్ కూడా రాసుకున్నాను తెలుసా, ఇంగ్లీషు తప్పులొస్తాయేమో అని ఆగిపోయాను" అన్నారు. మేడం ఇంగ్లీషుకి తప్పులేంటి అన్నాను.

పోయిన ఆదివారం ఆ షీట్లు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కళ్ళజోడు మార్చుకుని, బాల్కనీ వెలుగులో పెట్టుకుని, పై నుంచి కిందికి ప్రోగ్రామ్ మొత్తం చదివారు, పెదవులు కదుపుతూ, మన ల్యాబ్‌లో చదివినట్టే. 47 దగ్గర వేలు ఆగింది.

"ఇన్నేళ్ళయింది, ఇంకా పెట్టలేదేంటే?"

నా దగ్గర పెన్నే ఉంది మేడం అన్నాను. లేచి లోపలికి వెళ్ళారు పెన్సిల్ వెతకడానికి.