నార్వా ఒడ్డున నిలబడితే

నార్వా కోట దగ్గర నిలబడితే నదికి అవతల ఇవాన్‌గొరోద్ కోట. ఇటు ఎస్టోనియా, అటు రష్యా. మే 9న అవతలివాళ్ళు రెండో ప్రపంచ యుద్ధ విజయోత్సవ కచేరీ పెట్టి ఇటువైపుకే వినిపిస్తారు. 2023లో ఇవతల కోట గోడకి ‘పుతిన్ యుద్ధ నేరస్థుడు’ అని పెద్ద బ్యానర్ కట్టారు. ఇరుగుపొరుగు మర్యాదలు అలా ఉన్నాయి!

2022లో ఎస్టోనియా అప్పటి ప్రధాని కాయా కల్లాస్ కుండబద్దలు కొట్టారు: రష్యా దాడి చేస్తే, నాటో (అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి) ప్రణాళిక ప్రకారం బాల్టిక్ దేశాలు (ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా) ముందు శత్రువు చేతిలో పడతాయి, 180 రోజుల తర్వాత విడిపిస్తారట. ఉక్రెయిన్‌లోని బూచా ఊళ్ళో రష్యా సైన్యం పౌరుల్ని చంపడం చూశాక ఆ మాట ఎవరికి మింగుడుపడుతుంది? విడిపించేనాటికి ఊళ్ళో ఎవరు మిగులుతారు? అందుకే నాటో సైన్యం ముందే ఇక్కడ ఉండాలంటారు. ఎస్టోనియాలోని తాపాలో బ్రిటన్ నాయకత్వంలోని నాటో దళం 2017 నుంచీ ఉంది. లిథువేనియాలో జర్మనీ ఏకంగా బ్రిగేడ్‌నే దించుతోంది.

ఇదంతా రష్యాని రెచ్చగొట్టడమే అనేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. రష్యా దాడి చేసింది 2008లో జార్జియా మీద, 2014లో, మళ్ళీ 2022లో ఉక్రెయిన్ మీద. రెండూ నాటో బయట ఉన్నవే మరి.