బాయిల మొలిచే మొక్క

పోయినేడు శ్రావణంలో హన్మకొండలో రోడ్డు పక్క నర్సరీలో బోస్టన్ ఫెర్న్ కొన్నాను, 250 రూపాయలకు. వేలాడదీసే ప్లాస్టిక్ కుండీ, అందులోంచి జడ విరబోసుకున్నట్టు నాలుగు దిక్కులా పచ్చటి మట్టలు. "ఏం చేసేది లేదు మేడం, నీళ్లు పోస్తే చాలు" అన్నాడు అమ్మిన పిల్లగాడు. వానాకాలం కదా, దసరా దాకా ఆ మాట నిజమే అయింది.

బతుకమ్మ పండక్కి ఊరి నుంచి వచ్చిన మా అత్తమ్మ దాన్ని చూసి ఒకటే నవ్వు. "గిదేంది బిడ్డా, బాయిల మొలిచేదాన్ని పైసలు పెట్టి కొనుక్కొచ్చినవా?" ములుగు దిక్కు వాళ్ల ఊళ్లో రాతి బావి గోడల సందుల్లో ఇలాంటివే దిగబడి ఉంటాయట. నాకు కొంచెం కోపమే వచ్చింది.

సంక్రాంతి దాటాక ఆకుల కొసలు మాడడం మొదలైంది. శివరాత్రికల్లా పొద్దున లేస్తే కింద పొట్టు పోసినట్టు చిట్టి ఆకులు. నేను స్ప్రే సీసా పట్టుకుని రోజుకు ఐదారుసార్లు చిలకరించేదాన్ని. పడమటి బాల్కనీలో అది పది నిమిషాల్లో ఆరిపోయేది.

ఇంకో పని చేశాను, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఆర్వో ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లను పారబోయడం ఎందుకని బకెట్‌లో పట్టి దీనికే పోశాను. మా బోరు నీళ్లతో స్టీలు బిందెలకే తెల్ల మరకలు పడతాయి. ఆ నీళ్లలోని ఉప్పంతా వడకట్టి ఫిల్టర్ బయటికి నెట్టేదే ఆ వేస్ట్ నీరు. అంటే బోరు నీళ్లకన్నా చిక్కటి ఉప్పు నీళ్లు, అవీ పొదుపు చేస్తున్నానని మురిసిపోతూ! కుండీ అంచున సున్నం పెచ్చు కట్టాక గానీ నాకు బల్బు వెలగలేదు.

ఉగాది తర్వాత ఇక లాభం లేదని మట్టలన్నీ మొదలుకంటా కత్తిరించేశాను. వేములవాడ రాజన్నకు గుండు ఇచ్చొచ్చిన పిల్లగాడిలా మిగిలింది. కుండీ బోర్లిస్తే వేర్ల మధ్యలో నర్సరీ వాళ్ల బంకమట్టి ఉండ, పిడికిలంత, రాయిలా గట్టిగా. చుట్టూ తడిగా ఉన్నా లోపలికి చుక్క దిగలేదు. దాన్ని నీళ్లలో నానబెట్టి వేళ్లతో విడదీయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. కొత్తగా కొబ్బరి పొట్టు రెండు పాళ్లు, చివికిన ఆకు ఎరువు ఒక పాలు, ఇసుక, బొగ్గు ముక్కలు కలిపి ఒక పాలు. కొబ్బరి పొట్టులోనూ ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు నానబెట్టి పిండాకే వాడాలి.

ఫోన్‌లో ఇదంతా చెబితే అత్తమ్మ అడిగింది: "బాయిల ఎండ వడ్తదా? గాలి కొడ్తదా? మరి నువ్వు బాల్కనీల ఎందుకు ఏలాడదీసినవ్?" తర్వాత తనే, మంచినీళ్ల మట్టికుండను (వాళ్లు రంజన్ అంటారు) గుర్తుచేసి ఉపాయం చెప్పింది. "రంజన్ కింద ఇసుక పోసి తడుపుతం చూడు, గట్ల పెట్టు."

పెద్ద పళ్లెంలో ఇసుక పోసి తడిపి, దాని మీద మట్టి కుండీ ఎక్కించాను. హాల్లో ఉత్తరం కిటికీ పక్క చోటిచ్చాను. కూలర్ అదే గదిలో ఉంది, గాలి మాత్రం సూటిగా తగలదు. నీళ్లకు బెడ్‌రూం ఏసీ పైపు కింద బకెట్ పెట్టాను. అది గాలిలోని తేమ చల్లబడి కారే నీరు, అందులో ఉప్పు పేరుకు కూడా ఉండదు. ఏసీ గదిలో మాత్రం ఈ మొక్కను పెట్టకూడదు, గాలి ఎండిపోతుంది. పైమట్టి వేలికి ఆరినట్టు తగిలితేనే నీళ్లు పోసేదాన్ని.

రోహిణి కార్తెలో, బయట రోడ్డు మీద కాకి లేని వేళ, మోడు మధ్యలో గోధుమరంగు నూగుతో ఒక చుట్ట కనిపించింది. శనగగింజంత. అది రోజుకింత విప్పుకుంటూ మట్ట అయింది. చివరి కొస మాత్రం చాలా రోజులు పిల్లి తోకలా వంపు తిరిగే ఉంది.

వానల్లో గుబురు కట్టాక ఇంకో గొడవ. ఆకుల అడుగున గోధుమరంగు చుక్కలు! పొలుసు పురుగనుకుని పాత బ్రష్‌తో ఒక సాయంత్రమంతా గీకాను. బోటనీ చెప్పే మా ఆడపడుచుకు ఫొటో పంపితే, "వదినా, పురుగులు గిట్ల కొలత పెట్టి రెండు లైన్ల నిలవడతయా?" అంది. ఫెర్న్‌కు పూలూ గింజలూ ఉండవు, ఆ చుక్కల్లో ఉండేవి సిద్ధబీజాలు, గింజల బదులు వాటితోనే ఫెర్న్‌లు మొలుస్తాయి. అయితే బోస్టన్ రకం వాటితో మొలవదట. 1894లో అమెరికాలో మామూలు ఫెర్న్‌ల మధ్య దొరికిన ఒక్క వింత మొక్క నుంచి వచ్చిందంతా పిలకలూ తీగలతోనే పెంచుకొచ్చారు. కుండీలోంచి వేలాడే సన్నటి నూగు దారాలే ఆ తీగలు. కలుపనుకుని వాటిని నెలల తరబడి తుంచేశాను!

ఆ తర్వాత ఒక దారాన్ని పక్క కుండీ మట్టికి హెయిర్‌పిన్‌తో నొక్కిపెట్టాను. వేరు పట్టి పిల్ల మొక్క లేచింది. దసరాకు వచ్చిన అత్తమ్మ దాన్ని పట్టుకుపోయి ఇంటెనక నీడలో, బర్రె మూతికి అందకుండా, అది నీళ్లు తాగే గోలెం పక్కన పెట్టింది. నీళ్లు ఎన్ని రోజులకోసారి పోస్తున్నావని నిన్న ఫోన్‌లో అడిగాను.

"నేనెక్కడ పోస్తున్న బిడ్డా, బర్రె తాగంగ చిందినయే దానికి."