ఎంటర్‌ప్రైజ్ మాస్ట్ మీద కంపాస్ డబ్బా: రంభలో ఈ సీజన్ పని

మా బోటు పాత ఎంటర్‌ప్రైజ్, చిన్న తెరచాప బోటు. జాక్ హోల్ట్ గీసిన డిజైన్, 1956లో వచ్చింది. నాలుగు మీటర్లకు కాస్త పైన పొడవు, ఇద్దరు మనుషులు, రెండు తెరచాపలు, అంతే. చుక్కాని నేను పడతాను. ముందు తెరచాప, అంటే జిబ్, మా బావమరిది చూసుకుంటాడు. బరంపురం నుంచి వీలైన ఆదివారమల్లా రంభ వెళ్లి, చిలికా దక్షిణపు కొసలో తిప్పుతుంటాం. ఈ సీజన్‌కి పెట్టుకున్న పని ఒక్కటే. మాస్ట్, అంటే తెరచాపలు నిలబెట్టే స్తంభం, దాని మీద దిక్కూ వేగమూ చూపించే డిజిటల్ డబ్బా ఒకటి బిగించాలి.

దిక్కు ఎందుకంటే, గాలి కొద్దికొద్దిగా తిరగడం కంటికి తెలియదు, అంకెకి తెలుస్తుంది. వేసవి మధ్యాహ్నం నైరుతి నుంచి, అంటే 225 డిగ్రీల నుంచి గాలి వీస్తోందనుకోండి. గాలికి 45 డిగ్రీల్లో ఎదురెక్కితే, గాలి కుడివైపు ఉన్నప్పుడు మా ముక్కు 180 మీద ఉంటుంది, ఎడమవైపు ఉన్నప్పుడు 270 మీద. కుడి గాలి మీద పోతుండగా 180 కాస్తా 170కి పడిపోయి అక్కడే నిలిస్తే, గాలి మనకి అడ్డం తిరిగిందని అర్థం. అప్పుడు ట్యాక్ చేయడం, అంటే ముక్కుని గాలికి అడ్డంగా దాటించి గాలిని అవతలివైపుకి తెచ్చుకోవడం లాభం. ఒడ్డున కొండ గుర్తు పెట్టుకుని కూడా ఈ లెక్క చేయొచ్చు. కానీ మంచు పట్టిన పొద్దున ఘంటశిల కొండే కనబడదు.

రెడీమేడ్ సరుకు ఉంది. టాక్‌టిక్, వెలోసిటెక్, వకారోస్ పేర్లతో మంచివే దొరుకుతాయి. ధరలు చూశాక సొంతంగా కట్టుకోవడమే నయమనిపించింది. లోపల లెక్కలు చేసే ఈఎస్‌పీ32 బోర్డు, దిక్కు చెప్పే బాష్ వాళ్ల బీఎన్‌వో055 సెన్సర్, యూబ్లాక్స్ జీపీఎస్, 2.7 అంగుళాల షార్ప్ మెమరీ ఎల్‌సీడీ ఉన్నాయి. ఈ ఎల్‌సీడీకి వెనక లైటు ఉండదు. ఎండ ఎంత ఎక్కువుంటే అంత బాగా కనబడుతుంది. ఇదే సామాను వాడేవాళ్లకి ఒక్క మాట: బీఎన్‌వో055కీ ఈఎస్‌పీ32కీ ఐ2సీ అనే కనెక్షన్ మీద సరిగా పడదు, మధ్యమధ్యలో ఆగిపోతుంది. సెన్సర్‌ని యూఏఆర్‌టీ అనే ఇంకో కనెక్షన్ మోడ్‌లో పెట్టి కలిపితే గొడవ ఉండదు. ఎలక్ట్రానిక్స్ గురించి ఇంతే చెబుతాను. అది సులువైన భాగం. అసలు పని మాస్ట్ దగ్గరే మొదలైంది.

మాస్ట్ కొసన ఏమీ వద్దు

గాలి మీటరు మాస్ట్ కొసన పెట్టమని అందరూ అంటారు. పెద్ద బోట్లకి అది సరే. చిన్న డింగీలో పైన పెట్టిన ప్రతి వంద గ్రాములూ బోటుని పక్కకి పడేయడానికే చూస్తాయి. చిలికాలో ఇంకో సంగతి ఉంది. ఇక్కడ ఎండాకాలంలో లోతు చాలాచోట్ల మనిషెత్తుకి అటూ ఇటూగా ఉంటుంది. మా మాస్ట్ అంతకంటే ఎన్నో రెట్లు పొడవు. బోటు పూర్తిగా బోర్లా పడితే మాస్ట్ కొస నేరుగా బురదలో దిగబడుతుంది. తిరిగే కప్పుల మీటరైనా, అల్ట్రాసానిక్ మీటరైనా ఆ బురద నుంచి మళ్లీ పనిచేసే స్థితిలో పైకి రాదు. అందుకని పైన ఒక ప్లాస్టిక్ ఈక, పక్క తీగలకి పాత ఆడియో క్యాసెట్ టేపు ముక్కలు, అవే మా గాలి మీటర్లు. క్యాసెట్ టేపు తడిసినా బరువెక్కదు, చిన్న గాలికే లేస్తుంది.

నీటిలో తిరిగే స్పీడ్ చక్రం కూడా వద్దనుకున్నాం. అడుగున నాచు దట్టంగా ఉంటుంది, చక్రం గంటలోపే చుట్టుకుపోతుంది. పైగా రంభ వైపు పోటు, పాటు ప్రభావం దాదాపు లేదు. కాబట్టి జీపీఎస్ చూపించే వేగమే ఇంచుమించు బోటు వేగం. నాటు అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. ఒక నాటు కంటే నెమ్మదిగా కదులుతున్నప్పుడు జీపీఎస్ చూపే దిక్కు పిచ్చిపిచ్చిగా తిరుగుతుంది, దాన్ని నమ్మకూడదు. దిక్కుకి కంపాస్ సెన్సరే.

చోటు

బూమ్, అంటే పెద్ద తెరచాప కింది అంచుని పట్టే అడ్డకర్ర, మాస్ట్‌కి కలిసే కీలు కింద, వెనకవైపు ముఖం మీద పెట్టాం. దానికి పైన తెరచాప ఉంటుంది, కుదరదు. బాగా కిందికి దించితే బూమ్‌ని కిందికి లాగే కిక్కర్ తాళ్లు అంకెలకి అడ్డం పడతాయి. మిగిలింది కీలు కిందనే జానెడు చోటు. నేను గాలివైపు అంచు మీద కూర్చుంటాను కాబట్టి డిస్‌ప్లేని ఏటవాలుగా చూడాలి. మెమరీ ఎల్‌సీడీ పక్కనుంచి కూడా చక్కగా కనబడుతుంది, ఆ చింత లేదు. పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలు పెట్టుకుంటే మాత్రం తెర ఒక కోణంలో నల్లగా మూసుకుపోతుంది. బిగించే ముందే మీ కళ్లద్దాలతో, తలవంచి, పక్కకి వాల్చి చూడండి. అవసరమైతే తెరని 90 డిగ్రీలు తిప్పి పెట్టండి.

"బావా, ట్యాక్ చేసినప్పుడల్లా ఇది నా భుజానికే తగుల్తోంది" అని మావాడి ఫిర్యాదు. న్యాయమైన ఫిర్యాదే. ఇరుకు బోటులో వాడు బూమ్ కింద నుంచి అవతలికి దూకాలి. అంచులన్నీ ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, డబ్బాని మాస్ట్‌కి ఇంకా దగ్గరికి జరిపాం. జిబ్ తాడు తగులుకునే మూల ఒక్కటి కూడా ఉండకూడదు. గట్టి గాలిలో ట్యాక్ మధ్యలో తాడు చిక్కితే, ఆ డబ్బా వల్ల వచ్చే లాభమంతా అక్కడే పోతుంది.

ఇనుము

అల్యూమినియం మాస్ట్ అయస్కాంతానికి అంటదు, దానితో ఇబ్బంది లేదు. ఇబ్బంది మనం చేర్చే వస్తువులతో. 18650 బ్యాటరీ పైతొడుగు ఉక్కు. దాన్ని సెన్సర్ పక్కన పెడితే దిక్కు తప్పుతుంది. అందుకే చదునైన లైపో పౌచ్ బ్యాటరీ వాడాం, 2000 ఎంఏహెచ్. వైఫై ఆపేస్తే మొత్తం 80 మిల్లీఆంప్ చుట్టూ తాగుతుంది, అంటే ఒక రోజు సెయిలింగ్‌కి ధారాళం. స్టెయిన్‌లెస్ స్టీలు అయస్కాంతానికి అంటదంటారు. 304 రకం స్క్రూలు తయారీలో చల్లగా సాగదీసినవి కాబట్టి కొంత అంటుతాయి. పైపులకి వాడే హోస్ క్లాంపుల స్క్రూలు మరీను. బరంపురం పెద్దబజారులో కొన్న ప్రతి స్క్రూనీ, ప్రతి క్లిప్పునీ చిన్న జేబు కంపాస్ దగ్గర పెట్టి చూశాం. ముల్లు కదిలితే ఆ ముక్క పక్కకి. చివరికి ఇత్తడి స్క్రూలే మిగిలాయి.

ఇత్తడితో ఒక జాగ్రత్త ఉంది. ఉప్పునీటిలో అది అల్యూమినియానికి తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది. స్టెయిన్‌లెస్ రివెట్లు కూడా నెమ్మదిగా అదే పని చేస్తాయి. మా ఇత్తడి తలలు ప్లాస్టిక్ లోపలికి దిగి ఉంటాయి, మాస్ట్‌ని తాకవు.

కట్టు

మాస్ట్‌కి రంధ్రం పెట్టడం నాకు ఇష్టం లేదు. కీలు దగ్గరే మాస్ట్ మీద ఒత్తిడి ఎక్కువ, అక్కడ డ్రిల్ పెట్టడం దండగ పని. బ్రాకెట్‌కి వంటింటి తెల్ల ప్లాస్టిక్ కటింగ్ బోర్డు వాడాం. 10 మిల్లీమీటర్ల మందం, రంపంతో హాయిగా తెగుతుంది, ఎండకి వంగదు. త్రీడీ ప్రింటింగ్‌లో వాడే పీఎల్‌ఏ అయితే 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెల ఎండలో మూసిన కారులో వదిలేస్తే చాలు. మాస్ట్ చుట్టూ మెత్తటి సోల్డర్ తీగ వంచి, ఆ ఆకారం బోర్డు మీద గీసి, రెండు ముక్కలుగా కోశాం. ఈ ప్లాస్టిక్‌కి ఏ జిగురూ అంటదు, అన్నీ స్క్రూలే. మాస్ట్‌కీ దానికీ మధ్య పాత సైకిల్ ట్యూబ్ ముక్క, జారకుండా.

కట్టు సంగతి గోపాల్‌పూర్‌లో తేలింది. అక్కడ తీరం పొడుగునా ఉండే నోళియాలు తెలుగువాళ్లే. ఒకప్పుడు మేకు లేకుండా, పీచుతాడుతో పలకలు కుట్టి పడవలు కట్టినవాళ్లు. ఇప్పుడు ఫైబర్ పడవలు వచ్చేశాయి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నా చేతిలోని నైలాన్ తాడు చూసి, "ఇది తడిస్తే సాగిపోతాది బాబూ. పొద్దున్న బిగిస్తే మజ్జాన్నానికి లూజైపోతాది. పాలిస్టర్ తెచ్చుకో" అన్నాడు. నిజమే, నైలాన్ నీళ్లు పీలుస్తుంది, పాలిస్టర్ పీల్చదు. ఆయనే 3 మిల్లీమీటర్ల తాడుతో చేసి చూపించాడు. ముందు మాస్ట్ చుట్టూ పక్కపక్కనే చుట్లు వేయాలి, ఒకదాని మీదకి ఒకటి ఎక్కకూడదు. తర్వాత బ్రాకెట్‌కీ మాస్ట్‌కీ మధ్య సందులోంచి ఆ చుట్లన్నిటినీ కలిపి అడ్డంగా లాగి చుట్టాలి. బిగువంతా ఆ అడ్డచుట్లదే. మా హాలియర్డ్‌లు, అంటే తెరచాపల్ని పైకి లాగే తాళ్లు, మాస్ట్ లోపలి నుంచి వెళ్తాయి కాబట్టి కట్టు కింద ఏదీ నలగదు. మీవి బయటి నుంచి వెళ్తే ముందు వాటిని పక్కకి తీయండి.

ఈ కట్టుతో బోటుని కావాలని రంభ ఒడ్డు దగ్గర పక్కకి పడేసి చూశాం. డబ్బా ఒక్క వెంట్రుక కూడా కదల్లేదు. విప్పాలంటే ఒక ముడి.

డబ్బా

కరెంటు సామాన్ల షాపులో దొరికే ఐపీ67 పాలికార్బొనేట్ పెట్టె, మూత పారదర్శకం. ఎండకి లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. మీద చల్లటి నీళ్లు పడగానే కుంచించుకుని, రబ్బరు అంచుల్లోంచి నీళ్లని లోపలికి లాగుతుంది. దీనికి మందు, గాలిని పోనిచ్చి నీటిని ఆపే చిన్న బ్రీదర్ పొర. చార్జింగ్ కోసం రంధ్రం పెట్టకుండా వైర్‌లెస్ చార్జింగ్ కాయిల్ లోపలి గోడకి అంటించాం. ఆ కాయిల్ వెనక ఫెరైట్ పలక కంపాస్‌ని కాస్త లాగుతుంది. అందుకని సెన్సర్ పై మూలన, కాయిల్ కింది మూలన. జీపీఎస్ యాంటెన్నా పెట్టె పైగోడ కింద, ముఖం ఆకాశానికి.

సరిచూడడం

జెట్టీ పక్కన చేయకండి. కాంక్రీటులో ఇనుప చువ్వలు ఉంటాయి. ఈ పనికి చిలికా అంత మంచి చోటు ఇంకోటి ఉండదు. గాలి లేని పొద్దున ఒడ్డుకి దూరంగా, ఛాతీలోతు నీళ్లలో నిలబడి, బోటుని చేత్తో మెల్లగా గుండ్రంగా తిప్పాం. రొయ్యల కోసం వలలతో కట్టే ఘేరీల వెదురు బొంగులు లేని చోటు చూసుకోవాలి. ఒక చేతి కంపాస్‌తో మావాడు దూరంగా నిలబడి ఎనిమిది దిక్కుల్లో బోటు ముక్కు ఎటుందో చదివాడు, నేను డబ్బా అంకె రాసుకున్నాను. తేడా మూడు డిగ్రీలు దాటలేదు. మాకు కావాల్సింది మార్పే కాబట్టి అది చాలు. నిజ ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ తేడా ఇక్కడ ఒక డిగ్రీలోపే, దాన్ని వదిలేశాం. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణపు కొస మీదుగా పోతుంది. అందుకే బోటు వాలినప్పుడు కంపాస్‌కి వచ్చే తప్పు ఇక్కడ యూరప్‌లో కంటే తక్కువ. సెన్సర్ తనని తాను సరిచేసుకున్న లెక్క 22 బైట్లు, వాటిని బోర్డులో దాచి, ఆన్ చేసినప్పుడల్లా సెన్సర్‌కి తిరిగి ఇచ్చేస్తాం.

అంకె గెంతకుండా మూడు సెకన్ల సగటు చూపిస్తున్నాం. నేరుగా సగటు తీస్తే 359కీ 1కీ మధ్య 180 వస్తుంది, సైన్, కొసైన్‌లుగా విడగొట్టి తీయాలి. రెండు సెకన్లయితే చిలికా పొట్టి అలలకి అంకె వణుకుతోంది, ఐదు సెకన్లయితే గాలి తిరిగాక ఆలస్యంగా చెబుతోంది.

పోటీకి తీసుకెళ్లేవాళ్లు ముందు ఆ క్లాస్, అంటే ఆ బోటు రకం రూల్స్, ఆ పోటీ సెయిలింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ చదవాలి. డిజిటల్ కంపాస్‌ని ఒప్పుకుని జీపీఎస్‌ని ఒప్పుకోని క్లాసులు ఉన్నాయి. మా జీపీఎస్ ముక్క ప్లగ్ మీద ఉంది, పీకేసి చూపించవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఆపేశామంటే కొలతలు చూసే ఆయన ఎందుకు నమ్మాలి?

మిగిలిన పని: పోటీ మొదలయ్యే ముందు సమయం లెక్కపెట్టే స్టార్ట్ టైమర్‌కి ఒక బటన్, అదీ తడి గ్లౌజుతో నొక్కగలిగేది. బరంపురంలో ఠాకురాణి యాత్ర అయ్యి షాపులు మామూలుగా తెరుచుకున్నాక నీళ్లు దిగని రబ్బరు బటన్ వెతకాలి. వేసవిలో సాయంత్రం పూట కాలవైశాఖి గాలివానలు వస్తాయి కాబట్టి, దాన్ని నీటి మీద పరీక్షించడం ఇక పొద్దుటి పూటే.